పాత అంబాసిడర్, ఉస్తాద్ పిన్నీసు

పాత బండ్లు బాగుచెయ్యాలంటే ముందు ఏం నేర్చుకోవాలని ఈ మధ్య చాలామంది నన్ను అడుగుతున్నారు. చెయ్యి ఆపుకోవడం నేర్చుకోండి. పానా ఎవరైనా పడతారు. దాన్ని ముట్టుకోకుండా ఒక పావుగంట బండి పక్కన ఊరికే కూర్చోవడం మాత్రం నాకు అలవడేసరికి ఇరవై ఏళ్లు పట్టింది. అలవడిందని ధీమాగా ఉన్న రోజుల్లోనే ఒకసారి మళ్లీ చెయ్యి జారింది. ఆ సంగతి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

నా పేరు భద్రయ్య. కొత్తగూడెంలో నలభై ఏళ్లు మెకానిక్‌గా పనిచేశాను. మోకాళ్లు మొరాయించడంతో రెండేళ్ల కింద షెడ్డు మూసేశాను. బొగ్గు గనుల జీపులు, బీడీ ఆకు కాంట్రాక్టర్ల జీపులు, పెళ్లిళ్లకు తిరిగే అంబాసిడర్లు, ఎక్కువగా ఇవే నా చేతుల మీదుగా పోయాయి. ఇప్పుడు ఎక్కడైనా ఒక పాత ఇంజన్ చప్పుడు వినబడితే, తింటున్న వాణ్ణి కూడా లేచి గేటు దాకా వెళ్లి చూస్తాను. నా భార్య నవ్వుతుంది. నవ్వనీ.

ఇప్పటి కొత్త బండికి మీరు కంప్యూటర్ వైరు తగిలిస్తే తప్పేమిటో తెర మీద కనబడుతుంది. మంచిదే, నేనేం కాదనను. కానీ మీలో కొందరు సరదాకొద్దీ పాత జీపులూ అంబాసిడర్లూ కొని తెచ్చుకుంటున్నారు. వాటికి తెర లేదు. వాటికి ఏమైందో తెలుసుకునే దారి వేరు.

యాకూబ్ ఉస్తాద్

నేను పని నేర్చుకున్నది యాకూబ్ ఉస్తాద్ దగ్గర. ఆయన ఇల్లు టేకులపల్లిలో. రోజూ పొద్దున్నే తన సొంత అంబాసిడర్‌లో కొత్తగూడెం షెడ్డుకు వచ్చేవాడు. పొట్టి మనిషి, పెద్ద గొంతు. కోపం వస్తే ఉర్దూలో తిట్టేవాడు, మరీ ఎక్కువ వస్తే అసలు మాట్లాడేవాడు కాదు. ఆ మాట్లాడని రోజులకే మేం భయపడేవాళ్లం. ఆయన సామానంతా ఒక పాత బిస్కెట్ల రేకు డబ్బాలో పట్టేది. నా సంచుల్లో అంతకు మూడింతలుండేది, అది చూసి ఆయనకు నవ్వు.

చేరిన కొత్తలో ఒక కార్బురేటర్ విప్పి, జెట్టు మూసుకుపోయిందని సన్నటి తీగతో పొడుస్తున్నాను. జెట్టంటే పెట్రోలు సన్నగా పోయే ఇత్తడి ముక్క, మధ్యలో వెంట్రుకంత రంధ్రం. ఉస్తాద్ వెనకనుంచి వచ్చి చేతిమీద ఒక్కటిచ్చాడు.

"రంధ్రం పెద్దగైతే మళ్ల చిన్నగ చేస్తవా? నోటితోని ఊదు."

"మరి మీ కాలర్‌కు పిన్నీసు ఎందుకు ఉస్తాద్?"

"అది నీ పని గాదు."

నిజంగానే ఆయన ఖాకీ చొక్కా కాలర్ కింద ఎప్పుడూ ఒక పిన్నీసు ఉండేది. చొక్కా మారినా అది మారేది కాదు. షెడ్డులో ఏ పనికీ దాన్ని వాడగా నేను చూడలేదు. కాలిలో ముల్లు దిగితే తీసుకోవడానికేమో అనుకుని ఊరుకున్నాను.

ఇంకో అలవాటు కూడా ఉండేది. తన అంబాసిడర్‌లో ఊరి బయటికి పోతే, ఆగిన ప్రతిచోటా ముందు వెనక్కి వెళ్లి పెట్రోలు ట్యాంకు మూత తీసి, ఒక నిమిషం చూసి, మళ్లీ బిగించేవాడు. ఏందంటే "పెట్రోలు చూస్తున్న" అనేవాడు. ఆ బండిలో పెట్రోలు ముల్లు ఎన్నడూ పనిచెయ్యలేదు కాబట్టి నాకది సబబుగానే తోచింది.

పినపాకలో జీపు

నన్ను ఒంటరిగా పంపిన మొదటి పని పినపాక అవతల బీడీ ఆకు కల్లంలో. ఎండాకాలం. జీపు పొద్దున్నుంచి కదలడం లేదని కబురొస్తే రెండు సంచులు భుజాన వేసుకుని బస్సెక్కాను. డ్రైవర్ పేరు ముత్తయ్య, కోయ మనిషి. నేను బానెట్ ఎత్తగానే పక్కకొచ్చి ఏదో చెప్పబోయాడు. "నేను చూస్కుంట, నువ్వు జరుగు" అన్నాను. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే సిగ్గేస్తుంది.

ప్లగ్గులకు కరెంటు రావడం లేదు. అంతవరకు నేను పట్టింది నిజమే. అక్కడినుంచి నా తెలివి మొదలైంది. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత ఊడదీసి నీడలో బోర్లించాను. పాయింట్లు మార్చాను. కాయిలు మార్చాను. అయినా లేవకపోతే డిస్ట్రిబ్యూటర్‌నే వదులు చేసి అటూ ఇటూ తిప్పాను. మధ్యాహ్నానికి చాపంతా సామానే. కల్లంలో ఆకు కట్టలు ఎండబెడుతున్న ఆడవాళ్లు నన్ను చూసి వాళ్ల భాషలో ఏదో అనుకుని నవ్వుతున్నారు.

ఉస్తాద్ ఆ రోజు మణుగూరులో పని చూసుకుని, దగ్గరే కదా అని అక్కడికీ వచ్చాడు. బండి దగ్గరికే రాలేదు. ముత్తయ్య పక్కన కూర్చుని ఇద్దరికీ బీడీలు వెలిగించి, వచ్చీరాని కోయలో కొంత, తెలుగులో కొంత యోగక్షేమాలు అడిగాడు. ఆ తర్వాత మెల్లగా అన్నాడు.

"చెడిపోకముందు ఆఖరుకు ఏం చేసినవ్ తమ్మీ?"

"వాగుల కడిగిన సార్. మస్తు దుమ్ముండె. ఈ అన్నకు చెప్దామంటే ఇనలే."

ఉస్తాద్ లేచి, నేను బోర్లించిన మూత తీసి లోపలి తడిని తువ్వాలతో తుడిచి, కాలుతున్న బానెట్ మీద పది నిమిషాలు పెట్టాడు. జీపుకు ఉన్న రోగం అంతే. కానీ నేను తిప్పిన టైమింగును మళ్లీ సరిచెయ్యడానికి రెండు గంటలు పట్టింది. బస్సులో వచ్చేటప్పుడు ఆయన ఒక్క మాటే అన్నాడు: "బండిని ఎనక అడుగు. ముందు మనిషిని అడుగు. ఆఖరుకు ఏం జరిగిందో మనిషికే తెలుస్తది."

మీరు నా దగ్గర నేర్చుకోవాల్సింది ఏదైనా ఉంటే, ఈ ఒక్క మాట రాసిపెట్టుకోండి. నేను దీన్ని నా కింద పనిచేసిన వాళ్లందరికీ చెప్పాను. గొప్పగా చెప్పేవాణ్ణి కూడా.

నాలుగు హారన్ల జీపు

సొంత షెడ్డు పెట్టుకున్నాక నేను చేసిన పాపం ఒకటుంది. ముగ్గురు స్నేహితులు వేలంలో ఒక పాత జీపు కొని తెచ్చారు. లావు టైర్లు కావాలన్నారు. పెద్ద ఇంజన్, ముందర వరసగా లైట్లు, నాలుగు హారన్లు, పాటలకు పెట్టె. వద్దని చెప్పాల్సిన వాణ్ణి, నా పనితనం ఊరంతా చూస్తుందని సంబరపడి అన్నీ చేశాను. ఇంజన్ బరువుకు ముందు స్ప్రింగు పట్టీలు కుంగాయి. పట్టీలు మారిస్తే స్టీరింగ్ బిగిసింది. లైట్లకు బ్యాటరీ చాలలేదు. ఒకటి సరిచేస్తే ఇంకోటి పోయేది. వాళ్లు అడవి దారుల్లో తిరుగుదామని కొన్న జీపు నా షెడ్డు దాటి పోయింది తక్కువ. చివరికి విసుగొచ్చి వదిలేశారు. అదిప్పుడు మా వీధి చివర ఒకరి పెరట్లో కోళ్లకు గూడుగా ఉంది.

మన పాత బండి నలభై, యాభై ఏళ్లు నడిచిందంటే దాని లెక్క అది చూసుకునే నడిచింది. మనం తెచ్చి పెట్టే ప్రతి కొత్త సామానూ ఆ లెక్క తప్పిస్తుంది. ఏదన్నా పెట్టే ముందు, ఇది లేక బండి ఎన్నడైనా ఆగిందా అని అడగండి. లేదంటే పెట్టకండి. ఇంత తెలిసీ నేను మళ్లీ అదే పని చేశాను, అదీ ఉస్తాద్ బండి మీదనే.

ఖాలా అడిగింది

ఉస్తాద్ పోయి ఆరేళ్లు దాటింది. ఆయన భార్య జైనబీ. నేను ఖాలా అనే పిలిచేవాణ్ణి, పిన్నీ అన్నట్టుగా. షుగరుతో ఆమెకు కళ్లు పోయాయి, తర్వాత కాళ్లకు నీరు పట్టింది. కూతురు షాహిన్ కొత్తగూడెం దవాఖానాకు తిప్పుతుండేది. అంబాసిడర్ మాత్రం ఇంటి పక్క రేకుల కింద, పరదా కప్పుకుని అలాగే ఉంది. అమ్మమని ఎందరో అడిగారు, ఖాలా ఒప్పుకోలేదు.

నేను షెడ్డు మూసిన వారానికి చూడ్డానికి వెళ్తే నా చెయ్యి పట్టుకుని అడిగింది.

"భద్రూ, ఇప్పుడు ఖాళీయే గదా? దాన్ని జర లేపు బేటా. ఒక్కసారి దాంట్ల గోదారికి తీస్కపో."

వాళ్లిద్దరికీ అదొక ఆనవాయితీ. ఏటా ఊరి బయటి దర్గాలో ఉర్సు జరుగుతుంది. గంధం పండుగన్నమాట. ఆ మరునాడు దర్గా గంధం బండికి పూసి, ఉస్తాద్ ఆమెను భద్రాచలం వంతెన దాకా తీసుకెళ్లేవాడు. ఒడ్డున కూర్చుని, తెచ్చుకున్నది తిని, పొద్దు వాలకముందే ఇల్లు చేరేవాళ్లు. ఆమెకు లోకంలో వేరే షికారు లేదు.

"చూడలేను గని, ఆ సప్పుడైతే ఇనొచ్చు గదా" అంది.

చేస్తానని మాటిచ్చాను. బండి నా పెరట్లోకి తెచ్చాను. ఉస్తాద్ బండి, ఆయన భార్య ఎక్కాల్సిన బండి, దారిలో ఎక్కడా ఆగకూడదు కదా. ఆ పట్టుదలే నన్ను ముంచింది. పాత ఇంజన్ నమ్మడానికి లేదనుకుని వేరే బండి డీజిల్ ఇంజన్ దించాను. ఖాలాకు ఉక్క పోస్తుందని ఏసీ పెట్టాను. ఏసీ బరువుకని ఇంకేదో, ఆ ఇంకేదానికని మరొకటి. ఏడాది పట్టింది. ఆ మధ్యలో ఒక ఉర్సు వచ్చి పోయింది. ఖాలా వారానికోసారి ఫోన్ చేసేది.

"అయ్యిందా బేటా?"

"ఇంకో వారం ఖాలా."

షాహిన్ ఒకసారి ఫోన్ లాక్కుని, "జల్దీ చెయ్యి అన్నా, అమ్మ పానం మంచిగ లేదు" అంది. నేను ఇంకా జాగ్రత్తగా, అంటే ఇంకా మెల్లగా చేశాను.

చివరికి తీసుకెళ్లాను. ఖాలాను వెనక సీట్లో కూర్చోబెట్టి స్టార్ట్ చేశాను. ఆమె తల కొంచెం వంచి వింది. సీటు తడిమింది, తలుపు తడిమింది. చల్లటి గాలి మొహాన కొడుతుంటే కొంగు కప్పుకుంది.

"ఎవరి బండిది?" అంది.

"మనదే ఖాలా."

"అట్లనా. మంచిగుంది." తలుపు పిడి వెతుక్కుంటూ, "ఇయ్యాల కాళ్లు గుంజుతున్నయి. ఇంకోనాడు పోదాం" అంది.

నేను నొచ్చుకుంటానేమోనని నెపం కాళ్ల మీద పెట్టింది. ఇంటికొచ్చి బండి ఆపి అందులోనే కూర్చుండిపోయాను. ఆమెకు మిగిలిన కాలంలోంచి ఒక ఏడాది తిన్నాను. అంత చేసీ ఆమె అడిగిన ఒక్కదాన్నే, ఆ సప్పుడునే, బండిలోంచి తీసి పారేశాను.

అదృష్టం, పాత ఇంజన్ ఎవరికీ ఇవ్వలేదు. గోనెసంచుల కింద పడుంది. పెట్టినవన్నీ ఊడదీసి, దాన్ని శుభ్రం చేసి, రింగులు, వాల్వులు, పాయింట్లు, పాత రబ్బరు పైపులు మార్చి, కార్బురేటర్ నోటితో ఊది బిగించాను. పన్నెండు రోజులు పట్టింది. మొదటిసారి అది లేచినప్పుడు, ఆ గరగరలో ఉస్తాద్ షెడ్డులోకి వస్తున్నట్టే అనిపించి గేటు వైపు చూశాను.

పాల్వంచ దాటాక

ఉర్సు మరునాడు పొద్దున్నే బండి టేకులపల్లికి తీసుకెళ్లాను. ఇంటి ముందు ఆపకముందే ఖాలా అరుగు మీద లేచి నిలబడింది. "ఆయనొచ్చిండు" అంది, తర్వాత తనే నవ్వి కళ్లు తుడుచుకుంది.

షాహిన్ గంధం గిన్నె పట్టుకుంటే, ఖాలా తడుముకుంటూ బండి చుట్టూ తిరిగి పూసింది. బానెట్‌కు, నాలుగు తలుపులకు, స్టీరింగ్‌కు. ఆఖరుకు వెనక్కి పోయి పెట్రోలు మూతకు కూడా దిట్టంగా పెట్టింది.

"అది తినే నోరు గదా బేటా" అంది.

నేను పక్కనే ఉన్నాను. ఆమె చేతులే చూస్తున్నాను తప్ప ఇంకేం ఆలోచించలేదు.

కొత్తగూడెం దాటాం, పాల్వంచ దాటాం. ఖాలా అద్దం దింపించి గాలికి మొహం పెట్టి కూర్చుంది. మలుపు వచ్చినప్పుడల్లా ఇది ఫలానా చోటని ఆమే చెబుతోంది. అడవి దగ్గర పడ్డాక ఇంజన్ రెండుసార్లు ఆయాసపడి ఆగిపోయింది. ఐదు నిమిషాలకు లేచింది. ఫర్లాంగు పోయి మళ్లీ ఆగింది.

దిగాను. బానెట్ ఎత్తాను. పంపు అనుమానం, కాయిలు అనుమానం, కార్బురేటర్ మీద అనుమానం. ఆ డీజిల్ ఇంజనే ఉంచితే పోయేది కదా అని కూడా అనుకున్నాను. పంపు విప్పాను, బాగానే ఉంది, బిగించాను. కాయిలు మార్చాను. ముప్పావు గంట గడిచింది. ఎండ ముదురుతోంది. ఖాలా పాదాలు చెప్పుల్లో పట్టనంతగా ఉబ్బాయి.

"అమ్మకు కష్టమైతాంది అన్నా. వేరే బండి పిలిచి వాపస్ పోదాం" అంది షాహిన్, ఫోన్ తీసి.

ఇవాళ వాపస్ పోతే ఇంక ఈ ప్రయాణం ఉండదని మా ముగ్గురికీ తెలుసు. షాహిన్ నంబరు నొక్కబోతుంటే ఖాలా లోపలినుంచి అంది.

"ఆగు బిడ్డా. భద్రూ, పెట్రోలు చూసినవా? బండి ఆగితే మీ ఉస్తాద్ ముందుగాల గదే చూసెటోడు."

పొద్దున నేనే ట్యాంకు నిండా పోయించాను. అయినా ఆమె మాట తీసెయ్యలేక వెనక్కి వెళ్లి మూత తిప్పాను. బుస్సుమని ట్యాంకు గాలి పీల్చుకుంది.

మూత చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను. పెట్రోలు తగ్గేకొద్దీ ట్యాంకులోకి గాలి పోవడానికి ఆ మూతకు ఒక చిన్న రంధ్రం ఉంటుంది. దాని మీద గంధం ఎండి రాయిలా గట్టిపడింది. గాలి ఆడక పెట్రోలు రావడం మానేసింది. చెడిపోకముందు ఆఖరుకు ఏం జరిగిందో నా కళ్ల ముందే జరిగింది, నేను అడగనే లేదు.

"ఖాలా, నీ దగ్గర పిన్నీసుందా?"

ఆమె కొంగుకు పెట్టుకున్న పిన్నీసు తడిమి తీసింది.

"జర పైలం బేటా. మీ ఉస్తాద్‌ది. కాలర్‌కు ఉండేది. ముల్లు తీస్కోను పెట్టుకుండనుకుంట."

అదే పిన్నీసు. అన్నేళ్లూ ఆమె ప్రేమగా పూస్తూ వచ్చింది, ఆయన ఆగిన చోటల్లా ఆమెకు తెలియకుండా ఆ రంధ్రం తీస్తూ వచ్చాడు. అక్కడ పూయొద్దని ఒక్కమాట అంటే సరిపోయేది. ఆ మాట ఆయన ఎన్నడూ అనలేదు. నేను బండి వెనకే ఉన్నాను కాబట్టి షాహిన్‌కు నా మొహం కనబడలేదు. పిన్నీసు మొనతో గంధం గీకి తీశాను, రంధ్రం ఊదాను. నోరంతా గంధం వాసన.

"ఏమైంది బేటా? ఏం చెడిపోయింది?"

"ఏం లేదు ఖాలా. పెట్రోలు చూసిన."

"ఉన్నదా?"

"అవ్. మస్తుగున్నది."

"ఆయన గూడ గింతే. అడుగడుగున పెట్రోలు చూసెటోడు" అని నవ్వింది. తర్వాత చెయ్యి చాపి, "పిన్నీసు వాపస్ ఇయ్యి" అంది. ఇవ్వబుద్ధి కాలేదు. ఇచ్చాను.

బండి ఒక్క సెల్ఫుకే లేచింది. గోదావరి ఒడ్డున నీళ్లకు దగ్గరగా ఆపితే, దిగలేక సీట్లోనే కూర్చుని ఆ చప్పుడు కొంచెంసేపు ఆపొద్దంది ఖాలా. నేను ఇంజన్ ఆపకుండా అలాగే ఉంచాను. ఆమె ఆ సీటు పక్క ఖాళీ చోట చెయ్యి వేసుకుని కూర్చుంది.

ఈ ఏడు ఉర్సుకు ఖాలా లేదు. షాహిన్ బండి తాళంచెవి, పిన్నీసు నా చేతిలో పెట్టింది. మరునాడు పొద్దున గంధం నేనే పూశాను. బానెట్‌కు, నాలుగు తలుపులకు, స్టీరింగ్‌కు, ఆఖరుకు పెట్రోలు మూతకు, ఆమె పెట్టినంత దిట్టంగా. తర్వాత నా చొక్కా కాలర్ నుంచి పిన్నీసు తీశాను.